వాన నీళ్లు పరీక్షిస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది గుంతకల్లు. అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ చివరి ఏడాది. వానలో, మంచులో పురుగుమందుల అవశేషాలను ఏళ్ల తరబడి కొలిచే పరిశోధన చేస్తానంటోంది. బెంగళూరులో ఆరు నెలల డేటా సైన్స్ కోర్సుకు లక్షన్నర కట్టడానికి నేను సిద్ధం. ఏది మేలు?

జవాబు: ఈ ప్రశ్న ఏటా ఎండాకాలంలో నాకు వస్తూనే ఉంటుంది, కోర్సు పేరు మాత్రం మారుతుంది. చదువు సాగితే అమ్మాయి సంపాదనా, పెళ్లీ వెనకబడతాయేమోనని మీ టెన్షన్. అదే నేరుగా అడగాల్సింది.

ముందు డేటా సైన్స్ సంగతి. లెక్కల పునాది లేనివాళ్లకు ఆరు నెలల్లో నేర్పగలిగేది నాలుగు సాఫ్ట్‌వేర్ల వాడకం. అదే సర్టిఫికెట్ పట్టుకుని ఎంతమంది తిరుగుతున్నారో చూస్తూనే ఉన్నాను. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అన్నవాళ్లను ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి, చూద్దాం.

మీ అమ్మాయి చెప్పేది కొత్త పిచ్చేమీ కాదు. అమెరికా, కెనడా కలిసి తమ సరిహద్దులోని గ్రేట్ లేక్స్ అనే పెద్ద సరస్సుల చుట్టూ 1990 నుంచి గాలినీ వాననూ ఇలాగే కొలుస్తున్నాయి. చినుకు పడగానే మూత తెరుచుకునే పెట్టెలో నీళ్లు పట్టి, మందును పట్టి ఉంచే రెసిన్ గుళికల గుండా పోనిచ్చి, ఏ రసాయనం ఎంతుందో విడదీసి చూపే జీసీ-ఎంఎస్ అనే యంత్రం మీద లీటరుకు నానోగ్రాముల్లో చూస్తారు. ఒక్క వానతో ఏమీ తేలదు. మన పత్తి చేలల్లో కొట్టిన ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపింది కదా, అలాంటి మందు నిజంగా తగ్గుతోందా అని తెలియాలంటే రుతువుల తేడా, వాన ఎక్కువ తక్కువలు తీసేసి ఏళ్ల లెక్కలు చూడాలి. యంత్రానికి అందనంత తక్కువ ఉన్న రోజు సున్నా వేయాలా వద్దా అన్నదే ఒక పెద్ద తగువు. మీరు లక్షన్నరకు కొందామనుకునే విద్య ఇందులోనే ఉందండీ. పైగా ఆ అంకె ఏ సీసాలోంచి వచ్చిందో కూడా ఆమెకు తెలుస్తుంది.

అనంతపురానికి మంచెక్కడిది అని నవ్వకండి. వేడి ప్రాంతాల్లో ఆవిరైన మందు గాలిలో పోయి చల్లని చోట మంచుతో దిగుతుంది, కరిగే కాలంలో ఒక్కసారిగా వాగుల్లో కలుస్తుంది.

ఇబ్బందీ చెబుతాను. ఈ పరిశోధనలోనే స్థిరపడాలంటే పీహెచ్‌డీ తప్పదు, పర్మనెంట్ పోస్టులు తక్కువ. అయితే జాతీయ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే పీహెచ్‌డీ చేస్తూ నెలకు 37,000 రూపాయలు, అంటే చదువుతూనే సంపాదన. రాకపోయినా జీసీ-ఎంఎస్ మీద చేయి తిరిగితే హైదరాబాద్ ఫార్మా ల్యాబులున్నాయి, తిండిలో పురుగుమందుల అవశేషాలు చూసే ల్యాబులున్నాయి. పెళ్లికి ఇవేవీ అడ్డం కావు.

ఉత్తరంలో కోర్సు ఫీజు రాశారు గానీ అమ్మాయికి ఏ సబ్జెక్టు బాగా వస్తుందో ఒక్క ముక్క రాయలేదు. ఆమెను కూర్చోబెట్టి ఎప్పుడైనా అడిగారా?

ప్రవేశ పరీక్షల వివరాలు ఆమె చూసుకోగలదు. ఎంఎస్సీకి అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ (ఎస్కేయూ) అయినా, ఇంకెక్కడైనా, చేరేముందు సీనియర్లను ఒకటి అడగమనండి: జీసీ-ఎంఎస్ ఉందా, ఉంటే విద్యార్థుల చేతికిస్తారా, తాళం వేసిన గదిలో చూపించి పంపుతారా? బెంగళూరు అడ్వాన్సు ఇంకా కట్టకపోతే మాత్రం ఆపేయండి.