పట్టా ఎవరి పేరుతో ఉందమ్మీ?

అమ్మీ,

మీ నాయన నిన్న పొద్దుగూకినాక ఫోన్ చేసినాడు. చీనీ (బత్తాయి) రైతుల కంపెనీకి సొంతంగా వెబ్‌సైటు కట్టిస్తాండావంట. బెంగళూరు వాళ్లెవరో సీఎంఎస్ (సైటులో రాతలు, ఫోటోలు ఎక్కించే సాఫ్ట్‌వేరు) తామే రాసి, హోస్టింగు (సైటును సర్వరు మీద నడిపే పని) తామే చూసుకుని, నీకు ఏ తలనొప్పీ లేకుండా చేస్తామన్నారంట. "మన పిల్ల అనంతపురం కాయను ఢిల్లీ వాళ్లకు నేరుగా అమ్ముతాదంట" అని ఒకటే మురిసిపోతాండాడు. నేనూ మురిసినా. ఆ కొటేషన్ ఫోటో వాట్సాప్‌లో చూసినాక మాత్రం నిద్ర పట్టలే. నాలుగు పేజీల కాయితంలో "ఫుల్లీ మేనేజ్డ్" అనే మాట పదకొండుసార్లు ఉంది. డొమైన్, అంటే సైటు చిరునామా, ఎవరి పేరుతో ఉంటుందో ఒక్కసారి కూడా లేదు.

అందుకని ముందు డొమైన్ సంగతి. విసుగొచ్చినా చివరిదాకా చదువు.

పాత సంఘానికి ఒక సైటు ఉండేది, నీకు గుర్తుండదు. అది కట్టిన పిల్లోడు డాట్‌కామ్ పేరును తన ఖాతాలో, తన ఈమెయిలుతో కొన్నాడు. మోసం చేయాలని కాదు, అందరూ అట్లే చేసేవాళ్లు, ఇప్పటికీ చేస్తాండారు. బిల్లులో "డొమైన్, హోస్టింగు" అని ఒకే వరస. డబ్బు కట్టినాం కాబట్టి పేరు మనదే అనుకున్నారు సంఘంలో అందరూ. బోరు వేయించుకుంటే కూలి ఇస్తాం గానీ, పాసుపుస్తకంలో బోరు మేస్త్రీ పేరు ఎక్కిస్తామా? అదే జరిగింది.

ఆ పిల్లోడు ఈ పని మానేసి దేశం దాటినాడు. డొమైన్ గడువుకు సుమారు నెల ముందొకటి, వారం ముందొకటి, గడువు దాటిన 5 రోజుల్లోపల ఇంకొకటి హెచ్చరిక పంపాలని డొమైన్లు అమ్మే రిజిస్ట్రార్లకు, ఆ పేర్ల వ్యవస్థను చూసే ఐక్యాన్ అనే సంస్థ నిబంధన ఉంది. పంపే ఉంటారు. అన్నీ అతను తెరవని ఇన్‌బాక్సుకు పోయినాయి. ఒక పొద్దు సైటు తెరిస్తే మన తోటల ఫోటోల బదులు ఎవరివో ప్రకటనలు. సైటు పోతే పోయింది, దాంతోపాటే మెయిలు కూడా ఆగింది, ఎందుకంటే మెయిలు ఏ సర్వరుకు పోవాలో చెప్పే ఎమ్మెక్స్ రికార్డు ఉండేది ఆ డొమైన్ దారుల పట్టిక అయిన డీఎన్‌ఎస్‌లోనే. వ్యాపారులు పంపిన ఆర్డర్లు వెనక్కి తిరిగిపోతా ఉంటే, మనకే అమ్మే ఉద్దేశం లేదనుకున్నారు వాళ్లు. కాయ చెట్టు మీద ఆగదు గదా.

డాట్‌కామ్‌కు గడువు దాటినాక లెక్క ఇట్లా ఉంటుంది: రిజిస్ట్రారును బట్టి గరిష్ఠంగా 45 రోజుల వెసులుబాటు. ఆపైన 30 రోజుల రిడెంప్షన్, అంటే విడిపించుకునే గడువు, అప్పుడు మామూలు రుసుము మీద అదనంగా వడ్డిస్తారు. తర్వాత 5 రోజులు ఎవరూ ఏమీ చేయలేరు. ఆమీద ఎవరు ముందొస్తే వాళ్లకే. అంటే చేతిలో టైము ఉండింది, డబ్బు ఉండింది, బిల్లులు ఉండినాయి. ఖాతా తాళం మాత్రం లేదు. పేరు ఎవరో ఎగరేసుకుపోయినారు. అప్పటికే అచ్చేయించిన అట్టపెట్టెల మీద పాత చిరునామా కనబడకుండా తెల్లకాయితం ముక్కలు అతికించాల్సొచ్చింది, వేలకొద్దీ. ప్యాకింగు షెడ్డులో ఆడోళ్ల వేళ్లకు ఆ బంక వదలడానికి రెండు రోజులు పట్టింది.

కాబట్టి రిజిస్ట్రార్ దగ్గర ఖాతా నువ్వే తెరువు. రిజిస్ట్రంట్ (యజమాని) అనే గడిలో కంపెనీ పేరు రాయి. ఈమెయిలు ఆ డొమైన్‌దే పెట్టొద్దు, డొమైన్ పడిపోయిన రోజు పాస్‌వర్డు మార్చుకునే దారి కూడా దాంతోనే పడిపోతుంది. బయటి జీమెయిల్ ఒకటి, కంపెనీ కోసమని విడిగా పెట్టు. ఓటీపీ పోయే సిమ్ము కంపెనీది కావాల, అకౌంటెంటు సొంతది కాదు. ఒకేసారి 10 ఏళ్లదాకా కట్టొచ్చు, 5 ఏళ్లకైనా కట్టు. ట్రాన్స్‌ఫర్ లాక్ వేసిపెట్టు, పేరును ఎవరూ వేరే రిజిస్ట్రారుకు తరలించకుండా. బెంగళూరు వాళ్లకు డీఎన్‌ఎస్ రికార్డులు మార్చే హక్కు చాలు, అంతకు మించి ఒక్క మెట్టు కూడా పైకి రానీయొద్దు.

ఇక సీఎంఎస్. "మేమే కట్టినాం" అనే మాటకు రెండు అర్థాలుంటాయి. ఒకటి, వర్డ్‌ప్రెస్ లాంటి అందరికీ దొరికే సీఎంఎస్ మీద వాళ్ల థీము (రూపు), వాళ్ల ప్లగిన్లు (అదనపు ముక్కలు). రెండోది, మొదటి అక్షరం నుంచి వాళ్లే రాసింది. మొదటిదని ఒప్పుకోడానికి వాళ్లు సిగ్గుపడతారు గానీ, నాకైతే అదే మేలు. వీళ్లు చేతులెత్తేసినా కర్నూల్లోనో అనంతపురంలోనో ఇంకో మనిషి దొరుకుతాడు. రెండోదైతే, రాసినోడు ఉద్యోగం మారిన రోజు నీ గతి ఏమని అడుగు. కింద పునాదిగా వాడే రెడీమేడ్ కోడు లారావెల్ ఉందా, జాంగో ఉందా, ఏ వెర్షను, ఆ కోడు తెలిసినోళ్లు ఎంతమంది? పీహెచ్‌పీ 7.4 (సైటు రాసే భాషలో పాత వెర్షను) అన్నారంటే టీ కూడా తాగకుండా లేచి రా. దానికి భద్రతా సవరణలు 2022 నవంబరుతోనే ఆగిపోయినాయి. ద్రూపల్ 7 అనే పాత సీఎంఎస్ అన్నా అంతే, దాని పని 2025 జనవరి 5తో అయిపోయింది.

కోడు ఎవరిదనేది ఇంకో పట్టా. 1957 కాపీరైటు చట్టం ప్రకారం మన జీతగాడు కాకుండా బయటోడు రాస్తే మొదటి హక్కు రాసినోడిదే, రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప మనకు రాదు. ఆ రాతలోనూ మెలిక ఉంది. 19వ సెక్షన్ చూడు: ఎన్నాళ్లకో రాయకపోతే 5 ఏళ్లకే అని, యాడికో రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. అందుకని "కాపీరైటు ఉన్నన్నాళ్లూ, ప్రపంచమంతటా" అనే ముక్క అగ్రిమెంటులో ఉండాల. అందరికీ వాడే సొంత ఇంజను మనకు రాసివ్వమంటే ఇవ్వరు, అది న్యాయమే. దానికి శాశ్వత లైసెన్సు, మనకోసం రాసిన భాగానికి పూర్తి హక్కు అడుగు. కోడు మన కంపెనీ గిట్ ఖాతాలో, అంటే కోడు దాచే చోట, ఏ రోజుది ఆ రోజే పడాల.

వాళ్ల డెమో చూసి మురవొద్దు. మన ఆఫీసులో ధరలు రాసే పిల్లను కూర్చోబెట్టి, ఫోనులోనే, ఆ రోజు యార్డు కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, ఒక ఫోటో ఎక్కించమను. ఎవరినీ అడక్కుండా ఎక్కిస్తే ఆ సీఎంఎస్ పనికొస్తుంది. పాత డీటీపీ ఫైళ్లలోని 'అను' అనే పాత తెలుగు ఫాంట్ల మేటర్ తెచ్చి అతికిస్తే పిచ్చిగీతలు పడతాయి, దాన్ని ముందే యూనికోడ్‌లోకి మార్చాల. మైఎస్‌క్యూఎల్ డేటాబేసు పట్టికలు యూటీఎఫ్8ఎంబీ4 అనే అక్షర పద్ధతిలో పెట్టమను. ఇంగ్లీషు లాంటి భాషలకే సరిపోయే లాటిన్1లో వదిలేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలై కూర్చుంటుంది, అట్లా ఒకసారి సేవ్ అయిన మేటర్ మళ్లీ రాదు. పేజీ లింకులు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టు. తెలుగులో ఒక్కో గుర్తుకు 3 బైట్లు, లింకు కాపీ చేసి పంపితే ఒక్కో బైటు 3 అక్షరాలై సాగుతుంది. "చీనీ" చూడు, చ, గుడిదీర్ఘం, న, గుడిదీర్ఘం, నాలుగే గుర్తులు. వాట్సాప్‌లో అది 36 అక్షరాల తోక. రైతు అది చూసి బ్యాంకు మోసమనుకుని ముట్టుకోడు. ఫోనులో తీసిన 4, 5 ఎంబీల ఫోటోలను సీఎంఎసే కుదించుకోవాల, నార్పల దిక్కు తోటల్లో సిగ్నల్ ఎట్లుంటుందో నీకు చెప్పాలా.

హోస్టింగులో సైటు నడిచే సమయానికి ఇచ్చే హామీ 99%, 99.9% వినడానికి ఒకటే మాదిరి ఉంటాయి. నెలకు మొదటిదాంట్లో 7 గంటల 12 నిమిషాలు సైటు పడిపోయినా వాళ్లు మాట తప్పినట్టు కాదు, రెండోదాంట్లో 43 నిమిషాలు. ఎవరు కొలుస్తారు, తప్పితే ఎంత తగ్గిస్తారు, ఆదివారం ఫోనెత్తేదెవరు, ఇవి రాయించు. "అన్‌లిమిటెడ్" అనే మాట దగ్గర ఆగు. యార్డులో సూట్ పేరుతో తూకంలో తరుగు తీసినట్టే, ఆ మాట వెనక ఎక్కడో ఒక కోత ఉంటుంది: ఫైళ్ల సంఖ్య మీదో, ప్రాసెసరు వాడకం మీదో.

బ్యాకప్ రోజూ తీస్తాండాం అంటారు. తీయడం సంగతి సరే, తిరిగి నిలబెట్టడం చూపించమను. ఖాళీ సర్వరు మీద, నీ ముందర, నువ్వు గడియారం పట్టుకుని చూడు. కాపీ ఒకటి ఆ సర్వరుకు బయట, నీ చేతిలో ఉండే చోట పడాల. ఆరునెలలకోసారి ఇదే పరీక్ష పెట్టు.

రైతుల ఆధార్ కార్డులు, బ్యాంకు పుస్తకాల ఫోటోలు ఆ సైటు ఫోల్డర్లలో పెట్టనంటే పెట్టనని నాకు మాటివ్వు. ఏదైనా చొరబాటు జరిగితే తెలిసిన 6 గంటల్లో సైబరు భద్రత చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పాల, లాగులు (సర్వరు రాసుకునే రికార్డులు) 180 రోజులు దాయాల, 2022 ఏప్రిల్ ఆదేశం అది. ఆ పని ఎవరిదో అగ్రిమెంటులో రాయించు. లేకుంటే వాళ్లు నీ మీద, నువ్వు వాళ్ల మీద చెప్పుకుంటా కూర్చుంటారు.

చిన్నవి: ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ (సైటుతో మాటలు భద్రంగా సాగేలా చూసేది) దానంతటదే రెన్యూ కావాల. టెస్టింగప్పుడు గూగుల్ చూపొద్దని పెట్టిన "నోఇండెక్స్" సైటు తెరిచిన రోజు తీసేసినారో లేదో చూడు, అది మర్చిపోతే గూగుల్లో ఎన్ని నెలలైనా కనబడవు. ధరకు 18% జీఎస్టీ కలుపుకుని చూడు. డబ్బు విడతలుగా ఇవ్వు, చివరి విడత బ్యాకప్ పరీక్ష అయినాకే.

విడిపోయేటప్పుడు ఏమిస్తారో కూడా ఇప్పుడే అడుగు. డేటాబేసు ఎస్‌క్యూఎల్ ఫైలుగా, ఫోటోలు ఫోల్డర్లుగా, 30 రోజుల్లో, అదనపు రుసుము లేకుండా. పెళ్లిచూపుల్లోనే విడాకుల మాటేమిటి అని మీ నాయన అంటాడు. అననీ. సైటు మారే రెండు రోజుల ముందు డీఎన్‌ఎస్ టీటీఎల్ (పాత దారిని కంప్యూటర్లు గుర్తుంచుకునే కాలం) 300 సెకన్లకు దించమని మాత్రం ఆయనకు చెప్పొద్దు, ఒక పూటంతా దానర్థం అడుగుతాడు.

కోపంగా రాసినట్టుందేమో. కోపం కాదమ్మీ, ఆ అట్టపెట్టెలు గుర్తొచ్చినాయి. శనివారం పొద్దున బస్సుకు వస్తాండా. అప్పటిదాకా సంతకం చేయొద్దు, వాళ్లు ఎన్నిసార్లు ఫోన్ చేసినా "మా చిన్నాయన చూడాల" అను. ఉగ్గాని చేయమని మీ అమ్మకు చెప్పు. బజ్జీ నాకొద్దు, డాక్టరు వద్దన్నాడు. ఒకటి మాత్రం పెట్టు.

మీ చిన్నాయన,
కర్నూలు