ఆవరణలోని వేపచెట్టే మీ ల్యాబ్

మేడమ్, మీ కస్తూర్బా స్కూల్లో ల్యాబ్ లేదు, పిల్లలకు ఫోన్లు లేవు, సైన్స్ పీరియడ్‌లో అమ్మాయిలు నోరు విప్పరు అన్నారు కదా. వాళ్లను బయటికి తీసుకెళ్లండి. సీజన్‌వాచ్ అని దేశమంతా చెట్లను గమనించే కార్యక్రమం ఉంది. జట్టుకో వేపో, చింతో, కానుగో ఇచ్చి వారానికోసారి చూడమనండి. లేతాకులు, పూత, కాయలు అసలు లేవా, కొన్ని ఉన్నాయా, చాలా ఉన్నాయా? వాళ్లు నోట్‌బుక్‌లో రాస్తే, మీరు మీ ఫోన్ నుంచి ఎక్కించవచ్చు. ‘లేదు’ అన్నదీ సమాచారమేనని ముందే చెప్పండి, లేకపోతే మార్కుల భయంతో లేని పూత కూడా రాసేస్తారు!

ఫిబ్రవరిలో 4 రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది. 15 నిమిషాలు పిట్టల్ని లెక్కపెడితే చాలు. గోరింక, జెముడుకాకి అంటూ వాళ్లకు తెలిసిన పేర్లతోనే మొదలుపెట్టించండి.