తాతయ్య యుద్ధం సరే, బ్యాంకు సంగతేంటి?

ప్రశ్న: మా తాతయ్య (అమ్మ వాళ్ల నాన్నగారు) మద్రాస్ సాపర్స్‌లో (సైన్యంలో వంతెనలు, దారులు వేసే ఇంజనీర్ల దళం) పదిహేనేళ్లు చేసి 1979లో పెన్షన్‌తో వచ్చేశారు. తర్వాత తెనాలి వైపు ఒక చిన్న ఊళ్లో ఆంధ్రా బ్యాంకులో క్లర్కుగా చేరి మేనేజరుగా రిటైరయ్యారు. ఇప్పుడు ఆయన లేరు. పిల్లల కోసం ఆయన గురించి, మా కుటుంబం గురించి చిన్న పుస్తకం రాద్దామనుకుంటున్నాను. 71 యుద్ధంలో బంగ్లాదేశ్‌లో వంతెనలు కట్టారని పెద్ద మామయ్య అంటాడు, కాదు రాజస్థాన్ ఎడారిలో ఉన్నారని అమ్మ అంటుంది. ఇద్దరూ తగ్గరు. బ్యాంకు గురించి అడిగితే మాత్రం "ఏముంది, పొద్దున వెళ్లి రాత్రి వచ్చేవారు" అంటారు. ఎక్కడ మొదలుపెట్టను?
ఒక పాఠకురాలు, హలసూరు, బెంగళూరు

జవాబు: ముందు మామయ్యకీ అమ్మకీ తగువు తీర్చేద్దాం, అది తేలిక. 1971లో తూర్పు వైపు పనిచేసిన వాళ్లకు పూర్వీ స్టార్, పడమటి వైపు పనిచేసిన వాళ్లకు పశ్చిమీ స్టార్ అనే పతకాలు ఇచ్చారు. అమ్మమ్మగారి బీరువాలో ఏదుందో చూడండి. సంగ్రామ్ మెడల్ ఒక్కటే దొరికితే ఎవరూ గెలిచినట్టు కాదు, అది రెండు వైపుల వాళ్లకీ ఇచ్చారు. గుండ్రటి మెడల్ అయితే దాని అంచు మీద సాధారణంగా సర్వీసు నంబరు, ర్యాంకు, పేరు సన్నగా చెక్కి ఉంటాయి, తుడిచి తుడిచి అరిగిపోతే టార్చి పక్కనుంచి వేసి చూడండి, అక్షరాలు తేలతాయి. ఆ నంబరు దొరికితే సగం పని అయినట్టే. డిశ్చార్జి బుక్కు ఉంటే ఇంకా మంచిది. అమ్మమ్మగారు ఫ్యామిలీ పెన్షన్ తీసుకుంటుంటే పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) కాగితం ఎలాగూ ఉంటుంది.

మీరు హలసూరులో ఉండి నన్నడగడం విచిత్రమే అనుకోండి. 1780 నాటి ఆ దళం సెంటరు మీ చెరువు పక్కనే ఉంది, రికార్డ్స్ ఆఫీసూ బెంగళూరులోనే. తాతయ్య సర్వీసు వివరాలు కావాలని అమ్మమ్మగారి సంతకంతో అక్కడ ఒక దరఖాస్తు పెట్టండి, జవాబు రాకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు కింద అడగండి. పెన్షన్ లేకుండా వచ్చేసిన వాళ్ల కాగితాలైతే 25 ఏళ్లకు తీసేసే నిబంధన ఉంది, మీ తాతయ్యది పెన్షన్ కేసు కాబట్టి ఆశ పెట్టుకోవచ్చు.

ఇక నా మాట వింటే, పుస్తకంలో సగానికి పైగా బ్యాంకుకే ఇవ్వండి. "ఏముంది" అంటున్నారే, అక్కడే అంతా ఉంది. మాజీ సైనికులకు ప్రభుత్వ బ్యాంకుల్లో క్లర్కు ఉద్యోగాల్లో 14.5 శాతం కోటా ఉండేది, ఇప్పటికీ ఉంది, బహుశా ఆయన అలాగే వచ్చుంటారు. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు పెట్టిన ఆ బ్యాంకు 1980 ఏప్రిల్‌లో జాతీయమైంది, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. మీ తాతయ్య కూర్చున్న బ్రాంచికి ఇప్పుడు బోర్డే వేరు.

అమ్మమ్మగారిని "బ్యాంకు గురించి చెప్పు" అనకండి, చిన్న చిన్నవి అడగండి. 1980ల చివరిదాకా బ్యాంకుల లెక్కలు డిసెంబరు 31కే ముగిసేవి, ఆ తర్వాతే మార్చి 31కి మారాయి. అంటే అప్పటిదాకా మీ అమ్మావాళ్ల ఇంట్లో కొత్త సంవత్సరం రాత్రి తాతయ్య లేకుండానే గడిచి ఉంటుంది. లెడ్జర్లు టాలీ అయ్యేదాకా ఆ రాత్రి ఎవరూ ఇంటికి వెళ్లేవారు కాదు, క్యారియర్ ఎవరు తీసుకెళ్లేవారో అడగండి. సేవింగ్స్ ఖాతాకి నెలలో పదో తారీఖు నుంచి ఆఖరి రోజు దాకా ఉన్న కనీస నిల్వ మీదే వడ్డీ వచ్చేది, ఆ లెక్కంతా ఖాతా ఖాతాకీ చేత్తో వేసిన తరం అది. నగదు గదికి రెండు తాళాలు, ఇద్దరి దగ్గర, ఒకరు లేకపోతే తలుపు తెరుచుకోదు, కాబట్టి తాళం ఉన్న మనిషికి పెళ్లికి వెళ్లాలన్నా టెన్షనే. ఇంట్లో ఆ తాళంచెవి ఎక్కడ పెట్టేవారో, పిల్లలు ముట్టుకుంటే ఏమయ్యేదో మీ అమ్మకే బాగా గుర్తుంటుంది. నాట్లు వేసే రోజుల్లో నగలు తాకట్టు పెట్టడానికి రైతులు బారులు తీరేవారు, ఆ బంగారం గీటుపెట్టి చూసిన కంసాలిగారు ఉన్నారేమో వెతకండి, ఇంట్లోవాళ్లకు తెలియని మనిషి ఆయన మాటల్లో కనిపిస్తాడు.

తాతయ్య వెనకటి తరాల కోసం మరీ శ్రమ పడక్కర్లేదు. భాగపరిష్కార దస్తావేజు (ఆస్తి పంపకాల పత్రం) ఒకటి దొరికితే అన్నదమ్ములు, పొలాలు, ఎవరు ఎప్పుడు విడిపోయారు అన్నీ ఒక్కచోటే ఉంటాయి, లేకపోతే ఆ ఊరి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నకలు అడగండి. చదువుకున్న బడిలో అడ్మిషన్ రిజిస్టరుంటే పుట్టిన తేదీ చూడండి, అది అసలు తేదీ కాకపోయినా ఆర్మీలో రాసింది అదే అయ్యుంటుంది.

ఒక్క జాగ్రత్త. ఎవరికి అప్పిచ్చారు, ఎవరు ఎగ్గొట్టారు అన్న కథలు బోలెడు వస్తాయి, భలే రుచిగానూ ఉంటాయి. పేర్లు మాత్రం వేయకండి, ఆ కుటుంబాలు ఇంకా అదే ఊళ్లో ఉన్నాయి, మీ మామయ్య పండక్కి వెళ్లేదీ అక్కడికే కదా.