జీవితంలో మార్పు కోసం యోగా సరే.. మాత్రలు ఎందుకు మానేశారు?

ప్రశ్న: నా వయసు 47. మాది కరీంనగర్. ప్రైవేటు స్కూల్లో టీచర్ని. పిల్లలిద్దరూ హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. ఇన్నేళ్లూ ఇల్లు, స్కూలు తప్ప వేరే లోకం తెలియదు. ఇకనైనా నాకు నచ్చినట్టు బతకాలనిపిస్తోంది. ఆరు నెలల నుంచి ఫోన్‌లో వీడియోలు చూసి రోజూ పొద్దున గంటసేపు యోగా చేస్తున్నాను. శీర్షాసనం కూడా వచ్చింది. బీపీ, థైరాయిడ్ గోలీలు వాడేదాన్ని. యోగా చేసేవాళ్లకు గోలీలతో పనిలేదని ఒక వీడియోలో విని రెండు నెలల క్రితం మానేశాను. మొదట్లో చాలా హాయిగా ఉంది. ఈమధ్య నీరసం, దిగులు. నిద్ర సరిగా పట్టడం లేదు. శీర్షాసనం నుంచి లేచాక కాసేపు కళ్లు మసకగా ఉంటున్నాయి. ఈ నెలాఖరుకు ఉద్యోగం మానేసి కొత్త జీవితం మొదలుపెట్టాలనుకుంటున్నా, ధైర్యం చాలడం లేదు. మనసు మార్పుకు సిద్ధం కావాలంటే ఏ ఆసనాలు, ఏ ప్రాణాయామం చేయాలి? - ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఏ ఆసనం వేయాలన్నది తర్వాత చెబుతాను. ముందు మాత్రల సంగతి చూద్దాం. ఈ రెండు నెలల్లో ఒక్కసారైనా బీపీ చూపించుకున్నారా? రాయలేదు. థైరాయిడ్ పరీక్ష గురించీ రాయలేదు. ఒంటికి హాయిగా ఉంది కాబట్టి లోపల కూడా అంతా బాగుందనుకున్నట్టున్నారు. బీపీ 170, 180 దాకా వెళ్లినా చాలామందికి ఏ బాధా తెలియదు. తలనొప్పి లేదు కదా అని మందులు ఆపేసి, చివరికి మూతి వంకరపోయాకో చెయ్యి పడిపోయాకో ఆసుపత్రికి వచ్చేవాళ్లను మేం చూస్తూనే ఉంటాం. వాళ్లలో చదువుకున్నవాళ్లు తక్కువేం కాదు. మీరు పిల్లలకు పాఠాలు చెప్పే మనిషి. వీడియోలో ఎవరో చెప్పారని, మిమ్మల్ని చూసే డాక్టర్‌కు ఒక్క మాటైనా చెప్పకుండా రెండు మందులు ఒకేసారి ఆపేయడం నాకు నిజంగా బాధగా ఉంది.

బీపీకి ఏ మాత్ర వాడేవారో పేరు రాయలేదు. అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటివి ఉన్నట్టుండి ఆపితే గుండె వేగం, బీపీ పెరిగే ప్రమాదం ఉంది. గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్లకు ఛాతీనొప్పి, గుండెపోటు కూడా రావచ్చు. అందుకే వాటిని ఆపాల్సి వస్తే మేం కూడా మెల్లగా తగ్గిస్తూ వస్తాం. టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ అయితే అంత హఠాత్తుగా ఏమీ కాకపోవచ్చు. కానీ కొద్ది రోజుల్లోనో వారాల్లోనో బీపీ మళ్లీ పైకి పోతుంది.

థైరాయిడ్ హార్మోన్ తక్కువైనవాళ్లు వాడే థైరాక్సిన్ మాత్ర సంగతి వేరు. ఆ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. కాబట్టి ఆపిన కొత్తలో తేడా తెలియదు. మీరు హాయిగా ఉందన్నది బహుశా ఆ రోజుల్లోనే. ఇప్పుడు మీరు చెబుతున్న నీరసం, దిగులు థైరాయిడ్ హార్మోన్ తగ్గినవాళ్లలో మామూలుగా కనిపించేవే. సర్వాంగాసనం వేస్తే థైరాయిడ్ నయమవుతుందన్న మాట కూడా చాలామంది నమ్ముతున్నారు. పెద్దవాళ్లలో ఎక్కువగా మన రోగనిరోధక వ్యవస్థే ఆ గ్రంథిని దెబ్బతీస్తుంది. అలా దెబ్బతిన్న గ్రంథి చేత ఏ ఆసనమూ సరిపడా హార్మోన్ తయారు చేయించలేదు.

యోగా మీద నాకు చాలా గౌరవం ఉంది. నా పేషెంట్లకు నేనే చేయమని చెబుతాను. క్రమం తప్పకుండా చేస్తే బీపీ కొంత తగ్గుతుంది, నిద్ర మెరుగవుతుంది, టెన్షన్ తగ్గుతుంది. ఇవన్నీ మాత్రలకు తోడుగా. నెలల తరబడి రీడింగులు బాగుంటే డాక్టరే మోతాదు తగ్గించవచ్చు. మందులు తగ్గించుకోవాలన్న మీ కోరిక తప్పు కాదు. దాన్ని మీ అంతట మీరే అమలు చేయడం తప్పు.

శీర్షాసనం మాత్రం ఈరోజు నుంచే ఆపండి. తలకిందులుగా ఉన్నప్పుడు కంట్లో ఒత్తిడి బాగా పెరుగుతుంది. బీపీ అదుపులో లేనివాళ్లకు, నీటికాసులు (గ్లాకోమా) ఉన్నవాళ్లకు అది మంచిది కాదు. మీకు కళ్లు మసకబారుతున్నాయి కాబట్టి కంటి డాక్టర్‌కు చూపించి కంటిలో ఒత్తిడి కొలిపించుకోండి. ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉంటే ఆ మాట కూడా చెప్పండి. కపాలభాతి, భస్త్రిక లాంటి వేగంగా చేసేవి, ఊపిరి బిగబట్టేవి కూడా బీపీ తేలేదాకా వద్దు.

ఇక మీరు అడిగినది. ధైర్యం తెచ్చే ఆసనం అంటూ ప్రత్యేకంగా ఏదీ లేదు. అయితే ఊపిరిని నిదానం చేస్తే, ముఖ్యంగా వదిలే ఊపిరిని పొడవు చేస్తే, గుండెదడ తగ్గి మనసు నెమ్మదిస్తుంది. భయం కొంచెం సద్దుమణిగాక, నాకు కావాల్సింది ఏంటన్నది ఆలోచించుకోవడానికి చోటు దొరుకుతుంది. యోగాతో మార్పు అంటే నేను అర్థం చేసుకున్నది అంతే. దీనికి తాడాసనం, మార్జాలాసనం, ఊపిరి బిగబట్టకుండా అనులోమ విలోమం, భ్రామరి, చివర్లో పది నిమిషాలు శవాసనం చాలు. వీలైతే ఎదురుగా ఉండి తప్పులు సరిదిద్దే టీచర్ దగ్గర నేర్చుకోండి. మీకు బీపీ ఉందని మొదటి రోజే చెప్పండి.

ఉద్యోగం మానొద్దని నేను అనడం లేదు. రాజీనామా కాగితం మాత్రం రెండు నెలలు పక్కన పెట్టండి. థైరాక్సిన్ మళ్లీ మొదలుపెట్టాక 6 నుంచి 8 వారాలకు, హార్మోన్ సరిపోతోందో లేదో తెలిపే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయిస్తాం. హార్మోన్ తక్కువగా ఉన్నప్పుడు చేతిలో పని బరువుగా, జీవితం నిస్సారంగా అనిపించడం సహజం. స్కూలు నిజంగానే విసుగొచ్చిందో, ఒంట్లో ఓపిక లేక అలా అనిపిస్తోందో అప్పుడు మీకే తెలుస్తుంది. మీ వయసులో నెలసరి ఆగిపోయే దశ కూడా మొదలవుతుంది. ఒళ్లంతా వేడెక్కడం, రాత్రి చెమటలు, నిద్ర చెడడం దానివల్ల కూడా కావచ్చు. నెలసరి ఎలా ఉందో డాక్టర్‌తో మాట్లాడండి. దిగులు రెండు వారాలు దాటి రోజూ ఉంటుంటే అదీ దాచకండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ కౌన్సెలర్లు తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చేమీ ఉండదు.

మిమ్మల్ని చూడకుండా మోతాదు చెప్పలేను. పాత మాత్రలను మీకు మీరే మళ్లీ మొదలుపెట్టకండి కూడా. పాత చీటీ తీసుకుని రేపో ఎల్లుండో మీ డాక్టర్ దగ్గరకు వెళ్లండి. బీపీ, టీఎస్‌హెచ్‌తో పాటు షుగర్, హిమోగ్లోబిన్, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), ఈసీజీ అవసరమా అన్నది ఆయన చూసి చెబుతారు. ఈలోగా దగ్గర్లోని బస్తీ దవాఖానాలోనో ప్రైమరీ హెల్త్ సెంటర్‌లోనో బీపీ చూపించుకోండి. టీ తాగిన వెంటనే కాకుండా, ఐదు నిమిషాలు కుర్చీలో ఆనుకుని కూర్చున్నాక చూపించుకోవాలి. పై అంకె 180 గానీ, కింది అంకె 120 గానీ దాటితే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబడడం, ఒకవైపు బలం తగ్గడం, చూపు ఒక్కసారిగా తగ్గడం లాంటివి కనిపిస్తే అంకెలతో పనిలేదు, వెంటనే 108కి ఫోన్ చేయించండి.