ఐదేళ్లు నడిపే మనిషి కోసం రాయి

తమ్ముడికి,

పెట్రోల్ సెడాన్ మీద నువ్వు పంపిన సమీక్ష రెండుసార్లు చదివాను. వాక్యం నడిపించడం నీకు వచ్చు. కానీ ఎనిమిది పేరాల్లో ఐదు యాక్సిలరేటర్ అదిమి తొక్కినప్పటి కబుర్లే. ఆ కారు కొనే మనిషి రోజులో ఎన్నిసార్లు అలా తొక్కుతాడు? పొద్దున్నే చల్లబడి ఉన్న ఇంజిన్ స్టార్ట్ చేసి, ఇరుకు మలుపులో అద్దం తగలకుండా తిప్పుకుని, రద్దీలో ఆగుతూ కదులుతూ ఆఫీసు చేరతాడు. సాయంత్రం మళ్లీ అదే దారి. నువ్వు వారం నడిపి తాళాలు తిరిగి ఇచ్చేస్తావు, అతను ఐదేళ్లు వాయిదాలు కడతాడు. సమీక్ష అతని వైపు నిలబడి రాయాలి.

ముందు అంకెల సంగతి. నీ సమీక్షలోని బీఎండబ్ల్యూ 320ఐనే తీసుకో. 1,998 సీసీ టర్బో ఇంజిన్, 184 హార్స్‌పవర్, 300 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే చక్రాలను తిప్పే బలం. నువ్వు 184 దగ్గర ఆగిపోయావు. నేనైతే ఆ 300 ఎక్కడ మొదలవుతుందో చూస్తాను. 1,350 ఆర్‌పీఎంకే (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) అందుతుంది, 4,000 దాకా తగ్గదు. సిగ్నల్ దగ్గర కదలడం, లారీని దాటడం, వాలు ఎక్కడం అన్నీ దాదాపు ఆ రెండు అంకెల మధ్యే జరిగిపోతాయి. 2021లో వచ్చిన తరం మెర్సిడెస్ సీ 200 ఇంజిన్ 1,496 సీసీనే, పవర్ మాత్రం 204. టార్క్ అదే 300, అయితే అది 1,800 దగ్గర గానీ పూర్తిగా అందదు. ఆ లోటు తీర్చడానికి 48 వోల్టుల స్టార్టర్ జనరేటర్ అనే చిన్న విద్యుత్ మోటారు ఇంజిన్‌కు కాసేపు చేయూతనిస్తుంది. ఆ సాయం రద్దీలో తెలుస్తోందా, కాలు నొక్కాక ఓ క్షణం ఎదురుచూడాల్సి వస్తోందా? పాఠకుడికి కావలసింది ఆ జవాబు. బ్రోషర్‌లో అది దొరకదు, నడిపి తెలుసుకోవాలి.

గేర్లు 'మెత్తగా' మారుతున్నాయని ఒక్క ముక్కతో సరిపెట్టావు. ఏ వేగంలో? టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్‌లో శక్తి ద్రవం గుండా వెళ్తుంది కాబట్టి నత్తనడకలో కుదుపు తక్కువ. రెండు క్లచ్‌లతో గేర్లు మార్చే డ్యుయల్ క్లచ్‌లో క్లచ్ పలకలు జారుతూ పట్టుకోవాలి, అందుకే హైవే మీద చురుగ్గా ఉన్న గేర్‌బాక్సే ట్రాఫిక్ జామ్‌లో తడబడే అవకాశం ఉంది. వాలు మీద రివర్స్‌లో పార్క్ చేసి చూడు. బ్రేక్ కూడా అంతే. వంద వేగం నుంచి ఎంత దూరంలో ఆగిందన్నది భద్రతకు ముఖ్యమే, రాయి. దాంతోపాటు, వెనక కునుకు తీస్తున్న మనిషి తల ముందుకు ఊగకుండా ఆపగలిగావో లేదో కూడా రాయి.

చక్రాల గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నేను తప్పు చేసింది అక్కడే. చాలా ఏళ్ల కిందట ఒక సెడాన్‌ను పెద్ద చక్రాలతో ఇస్తే నున్నటి రోడ్ల మీద నడిపి, ఠీవిగా ఉందని పొగిడాను. నా మాట నమ్మి అదే కొన్న పాఠకుడొకరు రెండేళ్ల తర్వాత ఉత్తరం రాశారు. గుంతలకు రెండు రిమ్ములు వంగాయట, వాళ్లమ్మగారు ఆ కారెక్కనంటున్నారట. ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గర ఉంది. లెక్క చాలా చిన్నది. టైరు మీద మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో గోడ ఎత్తు ఎంత శాతమో, చివరిది అంగుళాల్లో రిమ్ము. 225/50 ఆర్17 టైరులో రిమ్ముకూ రోడ్డుకూ మధ్య దాదాపు 112 మిల్లీమీటర్ల రబ్బరు గోడ ఉంటుంది. 255/35 ఆర్19కి వచ్చేసరికి అది 89. గుంత దెబ్బను ముందు కాచుకునేది ఆ గోడే, సస్పెన్షన్ వంతు ఆ తర్వాత. పై రకం మోడల్‌కు పెద్ద చక్రాలు తగిలించి ఇస్తే, కింది రకం చిన్న చక్రాలతో దొరుకుతుందో లేదో కనుక్కుని దాన్నీ నడుపు. స్టెప్నీ ఉందో లేదో డిక్కీ అడుగున తెరిచి చూడు. రన్‌ఫ్లాట్ టైర్లయితే గాలి పోయాక సాధారణంగా గంటకు 80 కిలోమీటర్ల వేగం మించకుండా మరో 80 కిలోమీటర్లు వెళ్లొచ్చు. కానీ వాటి గోడలు బిరుసు, ఆ బిరుసు రోజూ నడుముకు తెలుస్తుంది.

మైలేజీ దగ్గర కంపెనీ అంకె దించేశావు. ఆ అంకె ఎలా పుడుతుందో తెలుసుకో. యూరప్‌లో 2017 నుంచి అమలైన డబ్ల్యూఎల్‌టీపీ అనే ప్రయోగశాల మైలేజీ పరీక్ష 30 నిమిషాలు, 23 కిలోమీటర్ల పైచిలుకు దూరం, రోలర్ల మీద, ఏసీ ఆపి. రెండు కార్లను పోల్చడానికి అది పనికొస్తుంది. రోజూ నాలుగు కిలోమీటర్లు వెళ్లి ఇంజిన్ వేడెక్కేలోపే ఆపేసే మనిషికి అది వర్తించదు. నువ్వు ట్యాంకు నింపి, ట్రిప్ మీటరు సున్నా చేసి, కనీసం 300 కిలోమీటర్లు తిరిగి, అదే పంపులో మళ్లీ నింపి భాగించు. డాష్‌బోర్డు చూపే సగటు కాస్త ఆశావాది, దాన్ని నీ అంకె పక్కన వేసి తేడా ఎంతో చెప్పు. ఊళ్లో ఒక అంకె, హైవేలో ఒక అంకె విడివిడిగా ఇవ్వు. రోజువారీ ప్రయాణాలు చిన్నవైతే డీజిల్ కంటే పెట్రోలే నయమని నా గట్టి నమ్మకం. అంత తక్కువ దూరంలో డీజిల్ కారు పొగను వడకట్టే ఫిల్టరు, తాను పట్టిన మసిని కాల్చుకునేంత వేడెక్కదు.

విలువ అనే మాటను ధరకు బదులుగా వాడకు. ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరిగే మనిషికి లీటరుకు 12 ఇచ్చే కారు 1,250 లీటర్లు తాగుతుంది, 15 ఇచ్చేది 1,000 లీటర్లు. తేడా 250 లీటర్లు. ఇప్పుడు ఆ మోడల్ మూడేళ్ల పాతది ఎంతకు అమ్ముడవుతోందో చూడు. ఈ తరగతి కార్లలో చాలావాటికి విలువ తరుగుదల ముందు ఆ పెట్రోలు తేడా చిన్నబోతుంది. ఎక్స్‌ట్రాల కోసం పోసిన డబ్బు తిరిగి అమ్మేటప్పుడు పూర్తిగా రాదు. టైర్ల సెట్టు, సర్వీసు, బీమా, వారంటీ ముగిశాక పొడిగింపు, వీటి లెక్క ఒక్క పేరాలో పెట్టు. ఏ రకం కొనాలో, దేనికి డబ్బు దండగో మొహమాటం లేకుండా చెప్పు. నీకు కారు ఇచ్చినవాళ్లు నొచ్చుకుంటారేమోనన్న బెరుకు తెలుస్తోంది నీ చివరి పేరాలో. తీసెయ్.

వెనక సీటుకు ఒక్క వాక్యమే ఇచ్చావు. మోకాళ్ల ముందు ఖాళీ ఒక్కటే చూడకు, తొడలకు ఆనిక ఉందా? వెనక చక్రాలకు శక్తి వెళ్లే కార్లలో ఆ శక్తిని వెనక్కి మోసే ప్రొపెల్లర్ షాఫ్ట్ అనే కడ్డీ కోసం నేల మధ్యలో గట్టు లేస్తుంది, మూడో మనిషి దానికి అటూ ఇటూ కాళ్లు పెట్టుకుని కూర్చోవాలి. డిక్కీ 480 లీటర్లని రాస్తే చాలదు. సెడాన్ డిక్కీ లోతుగా ఉన్నా నోరు ఇరుకు, పెద్ద సూట్‌కేసు ఎత్తి పెట్టి చూడు.

కారు ఇంకా మూడు రోజులు నీ దగ్గరే ఉంటుందన్నావు. ఒక సాయంత్రం రద్దీ వేళ స్టీరింగ్ ఇంకొకరికిచ్చి, గంటసేపు వెనక కూర్చో. ఇంటికి రాగానే గుర్తున్నది గుర్తున్నట్టు కాగితం మీద పెట్టి, దిద్దకుండా నాకు పంపు.

ప్రేమతో,
నీ అన్నయ్య