సాల్మన్ వేటకు వెళ్లబోయే విశాఖ పిల్లలకు

సంక్రాంతికి విశాఖ వచ్చి పది రోజులైంది. ఈ పది రోజులలో నన్ను అందరికంటే ఎక్కువ ప్రశ్నలు అడిగినవాడు ఎం.వి.పి. కాలనీలో మా ఎదురింటి అబ్బాయి. వచ్చే నెల సియాటిల్‌లో ఉద్యోగంలో చేరబోతున్నాడు. అద్దె ఇల్లు, కారు, బ్యాంకు ఖాతా గురించి అడుగుతాడనుకున్నాను. అడిగాడు కూడా, రెండు నిమిషాలలో ముగించాడు. ఆ తరువాత మనసులో మాట బయటపెట్టాడు: “బాబాయ్, అక్కడ చిన్న పడవలో వెళ్లి సాల్మన్ చేప పట్టవచ్చట కదా? నాకు ఈత వచ్చు. చిన్నప్పటి నుంచి సముద్రం ఒడ్డునే పెరిగాను. ఇంకేం కావాలి?”

ఆ ప్రశ్నలో మొదటి సగం విని సంతోషించాను, రెండో సగం విని భయపడ్డాను. విశాఖ వాళ్లం కదా, సముద్రం మనకు కొత్తా అనే ధీమా నాకూ ఉండేది. అది నన్ను ఎక్కడ దించిందో ముందు చెబుతాను. అక్కడికి వెళ్లబోతున్న మన పిల్లలందరూ వినవలసిన సంగతి అదే.

నేను సియాటిల్ వెళ్లిన రెండో ఏడు, జూలై నెల. తోటి ఉద్యోగి పడవలో వేటకు వెళ్లాం. పదిహేడు అడుగుల అల్యూమినియం పడవ. ఎండ కాస్తోంది, నీళ్లు అద్దంలా ఉన్నాయి. చేప పడింది. పడవ అంచు మీదికి వంగి చేతి వలలోకి దాన్ని తీసుకోబోతుండగా దూరంగా వెళ్లిన ఓడ తాలూకు అల వచ్చి తగిలింది. నీళ్లలో పడ్డాను. లాసన్స్ బే దగ్గర గంటలకొద్దీ ఈదినవాణ్ణి నేను. అక్కడ ఒక్క బార కూడా వేయలేకపోయాను. ఊపిరి నా మాట వినలేదు. నోరు తెరిచి గాలి పీలుస్తున్నాను, వదలడం రావడం లేదు. ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉంది కాబట్టి తల పైన నిలిచింది. నన్ను పైకి లాగేసరికి వేళ్లు ముడుచుకుపోయి పడవ అంచును పట్టుకోలేకపోయాను. నీళ్లలో ఉన్నది మూడు నాలుగు నిమిషాలే.

ఇక్కడ బంగాళాఖాతం జనవరిలో కూడా 25 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. సియాటిల్ ముందున్న ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ నిండు వేసవిలో కూడా 12, 13 డిగ్రీలే. అక్కడి వాళ్లు పడవ నేర్పేటప్పుడు 1-10-1 అని ఒక లెక్క చెబుతారు. చల్లటి నీళ్లలో పడితే ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులూ కాళ్లూ పనిచేసే వ్యవధి సుమారు పది నిమిషాలు, స్పృహ తప్పడానికి సుమారు ఒక గంట. మొదటి నిమిషం తల నీటిపైన నిలిస్తేనే మిగిలిన లెక్క. ఆ నిమిషంలో ఈత అక్కరకు రాదు. అందుకే లైఫ్ జాకెట్ పడవలో ఎక్కడో ఉంటే చాలదు, ఒంటి మీద ఉండాలి. చట్టం పెద్దవాళ్ల విషయంలో పడవలో మనిషికొకటి ఉంటే చాలంటుంది. నేను మాత్రం జాకెట్ కట్టుకోనివారిని నా పడవ ఎక్కనివ్వను, అలిగినా సరే. నూలు బట్టలు కూడా వద్దు. తడిస్తే ఒంటి వేడినంతా లాగేస్తాయి. ఉన్ని బట్టలు, పైన వాన కోటు వేసుకోండి.

నీళ్ల పోటు కూడా వేరు. విశాఖలో అమావాస్య, పౌర్ణమి పోట్లకు నీళ్లు మీటరున్నర దాకా ఎక్కి దిగుతాయి. సియాటిల్‌లో మూడు మీటర్లు దాటుతుంది. అంత నీరు ఇరుకైన మలుపుల గుండా రోజుకు రెండుసార్లు లోపలికి రావాలి, రెండుసార్లు బయటికి పోవాలి. పోటు ఒక వైపు, గాలి ఎదురు వైపు ఉన్నాయంటే పావుగంటలో అద్దంలాంటి నీళ్లు నిటారు అలలవుతాయి. పాయింట్ నో పాయింట్, పొసెషన్ బార్ అనే చోట్ల చేప బాగా పడుతుంది. ఈ గొడవా అక్కడే ఎక్కువ. పోటు పట్టికను, గాలి సూచనను కలిపి చూడనిదే పడవ నీళ్లలోకి దింపవద్దు. ఫోను తడిస్తే పనికిరాదు. మెరైన్ రేడియో ఉంచుకోండి. ఆపదలో పిలవవలసింది 16వ ఛానెల్.

ఇక చేప సంగతి. ఇక్కడ కొన్ని హోటళ్లలో ‘ఇండియన్ సాల్మన్’ అని పెట్టేది ముంబైవాళ్లు రావస్ అనే చేప. దానికీ సాల్మన్‌కూ చుట్టరికం లేదు. మనకు తెలిసినవాటిలో సాల్మన్ నడతకు దగ్గరగా వచ్చేది పులస. సముద్రంలో పెరిగి, వరద నీటికి ఎదురీది గోదావరి ఎక్కుతుందే, అదే పద్ధతి. కానీ పులస గుడ్లు పెట్టి సముద్రానికి తిరిగి వెళ్లగలదు. పసిఫిక్ సాల్మన్ తాను పుట్టిన వాగుకే తిరిగి వచ్చి, గుడ్లు పెట్టి, అక్కడే చనిపోతుంది. దాని బతుకులో ఆ ప్రయాణం ఒక్కసారే. అక్కడ ఇన్ని నిబంధనలు ఎందుకున్నాయో ఈ ఒక్క ముక్కతో అర్థమవుతుంది.

ఆ నీళ్లలో ఐదు రకాలున్నాయి: చినూక్, కోహో, సాకై, చమ్, పింక్. మీ చేతికి వచ్చింది ఏ రకమో తెలియాలి, ఎందుకంటే ఒకదాన్ని ఉంచుకోనిచ్చే రోజున ఇంకొకదాన్ని వదిలేయాలి. చినూక్ నోరు తెరిచి చూస్తే చిగుళ్లు నల్లగా ఉంటాయి, తోకకు పైనా కిందా రెండు వైపులా మచ్చలుంటాయి. కోహోకు పళ్ల దగ్గర చిగురు తెల్లగా ఉంటుంది, మచ్చలు తోక పైసగంలోనే. పింక్‌కు తోక నిండా పెద్ద పెద్ద కోలమచ్చలు. పింక్ బేసి సంవత్సరాలలోనే విరివిగా వస్తుంది. 2025లో వచ్చింది, మళ్లీ 2027లో రావాలి. కొత్తవాళ్లకు అది మంచి చేప, ఒడ్డు నుంచి కూడా దొరుకుతుంది.

రకం తెలిసినంత మాత్రాన సరిపోదు. నిన్న ఉదయం ఆ అబ్బాయిని పెద జాలరిపేట తీసుకెళ్లాను. ఇసుక మీదికి లాగిన ఫైబర్ పడవ పక్కన ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటున్నారు. పక్కన బుట్టలో వంజరం ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుని, వీపు మీద తోకకు కాస్త ముందు వేలు పెట్టి చూపించాను. సాల్మన్‌కు సరిగ్గా అక్కడ చిటికెన వేలి కొనంత మెత్తని చిన్న రెక్క ఒకటి అదనంగా ఉంటుంది. ముల్లు ఉండదు, ఉత్త కండ. దాన్ని అడిపోజ్ ఫిన్ అంటారు. హేచరీలలో, అంటే గుడ్లు పొదిగించే కేంద్రాలలో, పెంచిన చేపపిల్లలకు బయటికి వదిలే ముందే ఆ రెక్క కత్తిరిస్తారు. కొన్నేళ్ల తరువాత అది పెద్ద చేపై మీ గాలానికి పడినప్పుడు, ఆ చోట మానిన మచ్చ ఉంటే హేచరీ చేప, ఉంచుకోవచ్చు. రెక్క ఉంటే దాన్ని అడవి చేపగా లెక్కకట్టాలి. ప్యూజెట్ సౌండ్‌లోని చినూక్‌ను 1999లో అంతరించే ముప్పున్న జాతుల జాబితాలో చేర్చారు. కనుక రెక్క ఉన్న చినూక్ ఎంత పెద్దదైనా మీది కాదు.

అది మీది కాదని తెలిశాక పడవలోకి ఎత్తి ఫోటో తీసుకోవడం కూడా నేరమే. పడవ పక్కన నీళ్లలో ఉంచే రెక్క చూడాలి, కొలవాలి, గాలం తీసి వదలాలి. ఎదురుముల్లు లేని గాలమే వాడమని నిబంధన పెట్టింది ఇందుకే, తేలిగ్గా ఊడి వస్తుంది. చేత్తో పట్టుకుంటే పొలుసులు రాలి, ఆ గాయంతో తరువాత చచ్చిపోవచ్చు. పట్టుకోకుండా, గాలం వంపులో చిన్న కొక్కెం తగిలించి తిరగేస్తే చేప తనంతట తానే జారిపోతుంది. నేను మొదటిసారి అలా వదిలింది ఇరవై పౌన్లకు తక్కువ ఉండదు. నీళ్లలో పక్కకు తిరిగి, ఆకుపచ్చగా మెరిసి, లోతులోకి పోయింది. చేతులు వణికాయి. ఆ రోజు ఖాళీ చేతులతో ఇంటికి వెళ్లాను, ఇప్పటికీ నాకు అన్నిటికంటే బాగా గుర్తున్న చేప అదే.

పెద్దాయన అంతా విని, “ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మా మరపడవలను ఆపేస్తారు కదా బాబూ, గుడ్ల చేప బతకాలని. అక్కడ మనిషి మనిషీ ఆపుకోవాలన్నమాట” అన్నారు. నేను అరగంట చెప్పింది ఆయన ఒక్క మాటలో పట్టుకున్నారు.

అక్కడ 61 రోజుల నిషేధంలాంటి ఒకే గడువు ఉండదు. సముద్రాన్ని అంకెలు వేసి ప్రాంతాలుగా విడగొట్టారు. సియాటిల్ ముందు 10, దానికి ఉత్తరాన 9. ప్రాంతానికో తేదీ, రకానికో తేదీ. జూలైలో చినూక్ వేట తెరిచినా, అనుకున్న సంఖ్య నిండగానే మధ్యలో ఆపేస్తారు. నిన్న తెరిచి ఉంది కదా అని ఈ రోజు వెళితే తప్పు మీదే. వాషింగ్టన్ మత్స్య, వన్యప్రాణి శాఖ వారి ఫోను యాప్ ఉంది, పడవ దింపే ముందు ప్రతిసారీ చూడండి. లైసెన్సుతో పాటు చేపల నమోదు కార్డు తీసుకోవాలి. చేపను ఉంచుకున్న వెంటనే అందులో రాయాలి, ఇంటికి వెళ్లాక కాదు. ఏడాదంతా ఒక్క చేప పట్టకపోయినా లెక్క చెప్పాలి. ఒడ్డు చేరేదాకా చేపను ముక్కలు చేయకూడదు, రకమూ పొడవూ తెలిసేలా ఉంచాలి. 15 హార్స్‌పవర్, ఆపై ఇంజను నడపాలంటే పడవ శిక్షణ కార్డు కావాలి. పరీక్ష కష్టమైనదేమీ కాదు.

ఇవన్నీ చిన్న విషయాలుగా తీసుకోకండి. అక్కడ చాలా వేట ఉల్లంఘనలు నేరం కింద నమోదవుతాయి. వీసా పత్రాలలో అరెస్టులు, కేసుల గురించి అడిగే ప్రశ్నలుంటాయని మీకు తెలుసు. ఒక చేప కోసం అక్కడ జవాబు రాయవలసిన పరిస్థితి తెచ్చుకోవద్దు. అలాగే పట్టిన చేపను తెలుగువారి వాట్సాప్ గుంపుల్లో అమ్మకానికి పెట్టడం నా కళ్లతో చూశాను. వినోద వేటలో పట్టినది అమ్మడం చట్టవిరుద్ధం. ఇరుగుపొరుగుకు ఉత్తినే పంచండి, పుణ్యం వస్తుంది.

మన వాళ్లలో ఇంకో గొణుగుడు వింటుంటాను: “మనకేమో ఇన్ని నిబంధనలు, ఆ గిరిజనులు మాత్రం వలలు వేసుకుంటున్నారు” అని. ఆ మాట నాకు నొప్పి కలిగిస్తుంది. ఆ నీళ్లు వాళ్లవి. 1850లలో అమెరికా ప్రభుత్వంతో ఒప్పందాలు చేసుకుని భూములు ఇచ్చేస్తూ కూడా చేపల హక్కును వాళ్లు వదులుకోలేదు. ఒప్పందం కుదిరినా దశాబ్దాల పాటు అరెస్టులు భరించారు. 1974లో జడ్జి జార్జ్ బోల్ట్ తీర్పుతో, పట్టదగిన చేపలో సగం దాకా వాళ్ల వాటా అని తేలింది. జాలరిపేట పక్కన పెరిగినవాళ్లం మనం, ఒడ్డు మీద ఎవరి హక్కు ముందో మనకు వేరే చెప్పాలా?

వేట పద్ధతి పుస్తకంలో చదివితే రాదు, మొదట రెండుసార్లు డబ్బు కట్టి, వేట తెలిసినవారు నడిపే చార్టర్ పడవలో వెళ్లండి. స్థూలంగా ఇంతే: పది పన్నెండు పౌన్ల సీసపు గుండును తీగకు కట్టి లోతుకు దించుతారు, మన దారం దానికి క్లిప్పుతో తగిలించి ఉంటుంది. ఎర ముందు తళతళలాడే రేకు తిరుగుతుంది. ఎర మన కవ్వళ్ల వంటి హెర్రింగ్, లేదా దాని రూపంలో రేకుబిళ్ల. పడవను మనిషి నడకంత వేగంతో పోనివ్వాలి. చేప కొడితే క్లిప్పు ఊడి, వంగి ఉన్న గాలపు కర్ర ఒక్కసారి నిటారుగా లేస్తుంది, ఆ వెంటనే మళ్లీ వంగుతుంది. కోహో పైనీళ్లలో, చినూక్ అడుగుకు దగ్గరగా తిరుగుతాయి. పొద్దు పొడిచే వేళ, పోటు మారే వేళ మంచివి. ఓర్కా తిమింగలాలు కనిపిస్తే గాలాలు ఎత్తేయండి. అక్కడి నీళ్లలో తరచూ తిరిగే ఆ మందలో డెబ్బైకి కాస్త ఎక్కువే మిగిలాయి, వాటి ముఖ్యమైన తిండి చినూకే. వాటికి వెయ్యి గజాల దూరంలో ఉండాలని 2025 జనవరి నుంచి వాషింగ్టన్‌లో చట్టం.

ఉంచుకున్న చేపకు వెంటనే మొప్పలు కోసి నెత్తురు కార్చి, మంచులో పెట్టాలి. లేకపోతే పులుసు ఎంత బాగా పెట్టినా నీచు పోదు. కొవ్వు ఎక్కువున్న చేప కనుక నూనె తగ్గించి, చింతపండు కాస్త ఎక్కువ వేయండి. పూర్తిగా ఉడికించండి, పచ్చి చేపలో పురుగు ఉండవచ్చు. ప్యూజెట్ సౌండ్ చినూక్‌ను వారానికి ఒక పూట మించి తినవద్దని అక్కడి ఆరోగ్య శాఖ సలహా. ఇంట్లో గర్భిణులూ చిన్నపిల్లలూ ఉంటే ఇది మరీ గుర్తుంచుకోండి.

గాలం కొనకముందే చేయగల పని ఒకటుంది. సియాటిల్ దగ్గరే, మన తెలుగు కుటుంబాలు చాలా ఉండే ఇసాక్వాలో ఊరి నడుమ హేచరీ ఉంది. సెప్టెంబరు, అక్టోబరులలో వాగు వంతెన మీద నిలబడితే చినూక్‌లు కాళ్ల కిందుగా ఎదురీదుతూ కనిపిస్తాయి. సియాటిల్‌లోని బాలర్డ్ లాక్స్ అనే పడవల జలద్వారాల దగ్గర, చేపలు ఎదురీది ఎక్కిపోయే 21 మెట్ల నీటి నిచ్చెన ఉంది, అద్దం వెనక నుంచి చూడవచ్చు. పిల్లల్ని తీసుకెళ్లి, ఏ చేప వీపు మీద చిన్న రెక్క ఉందో, ఏదానికి లేదో లెక్కపెట్టించండి.

మా ఎదురింటి అబ్బాయి ఫిబ్రవరిలో దిగగానే లైసెన్సు కొంటానంటున్నాడు. వద్దన్నాను. అక్కడ లైసెన్సు ఏడాది ఏప్రిల్ 1న మొదలై మార్చి 31తో అయిపోతుంది. పైగా ఆ రాష్ట్రంలో 90 రోజులు కాపురం ఉంటేనే స్థానికుల రుసుము వర్తిస్తుంది. అంతకుముందు కొంటే బయటివారి రుసుము, చాలా ఎక్కువ. మే దాకా ఆగి కొనుక్కోమన్నాను. ఈలోగా ఆ డబ్బుతో మంచి లైఫ్ జాకెట్ కొనుక్కుంటానని మాట ఇచ్చాడు.