మెడ నాళం 80 శాతం పూడిపోయినా స్ట్రోక్ రోజునే స్టెంట్ ఎందుకు వేయలేదు?

మీ అమ్మగారికి మెదడులో గడ్డ తీశారు, మెడలో ఎడమ నాళం 80 శాతం పూడిపోయిందని చెప్పి కూడా అక్కడ స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే సన్నటి జాలీ గొట్టం) వేయలేదు, అసలు జబ్బు అలాగే వదిలేశారేమో అని అడిగారు. రెండేళ్ల క్రితం మా నాన్నకూ ఇదే జరిగింది. ఆ రాత్రి ఐసీయూ బయట నేనూ ఇదే అడిగాను. నేను డాక్టర్ని కాదండీ. మాకు చెప్పింది, మేం చూసింది రాస్తున్నాను.

మాది తెనాలి దగ్గర పల్లె. తెల్లవారుతుండగా నాన్న మూతి వంకరపోయింది, మాట ముద్దగా వచ్చింది. కుడి చెయ్యి బరువెక్కింది కానీ కదులుతోంది. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు చూస్తే బీపీ 190. కంగారుపడి నాలుక కింద మాత్ర పెట్టారు. అరగంటలో బీపీ 120కి దిగింది, చెయ్యి పూర్తిగా పడిపోయింది. మాత్ర వల్లే అని నేను గట్టిగా చెప్పలేను. కానీ తర్వాత న్యూరాలజిస్టు మాట విన్నప్పటి నుంచి ఆ అరగంట గుర్తొస్తే నాకు నిద్ర పట్టదు.

ఆయన చెప్పింది మా డెల్టా భాషలో ఇదీ. తూము పూడుకుపోయినప్పుడు కాలువ నిండుగా పారుతున్నంతసేపే చివరి చేలకు కాసిన్ని నీళ్లు అందుతాయి. కాలువ మట్టం తగ్గితే ముందు ఎండేవి ఆ చేలే. మెడలో మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ నాళం ఇరుకైనవాళ్లకు స్ట్రోక్ మొదటి గంటల్లో ఆ పెరిగిన బీపీయే మెదడుకు ఎంతో కొంత రక్తం అందిస్తుంది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలంటే 185/110 లోపు ఉండాలి కాబట్టి అంతవరకు తగ్గిస్తారు. అదీ ఆస్పత్రిలో, క్షణక్షణం చూసుకుంటూ. దయచేసి ఇంటి దగ్గర ఎవరినీ ఆ మాత్ర పెట్టనివ్వకండి.

మొదట వెళ్లిన ఆస్పత్రిలో తలకు మాత్రమే సీటీ తీసి, రక్తస్రావం లేదని ఇంజెక్షన్ ఇచ్చారు. నాలుగున్నర గంటల లోపే పడింది, అంతవరకు మేలే. మెడ మాత్రం చూడలేదు. గుంటూరు వెళ్లి ఛాతీ పైభాగం నుంచి తల దాకా సీటీ యాంజియోగ్రామ్ (రక్తనాళాలు కనిపించే స్కాన్) తీయిస్తే అప్పుడు తెలిసింది, అడ్డం రెండు చోట్ల ఉందని. మెడలో ఇరుకు, అక్కడి నుంచి ఊడిపోయిన గడ్డ పైన మెదడులోని పెద్ద నాళంలో. ఇలాంటప్పుడు ఒక్క ఇంజెక్షన్‌తో నాళం తెరుచుకోవడం కష్టం. గడ్డ పెద్దది, మందు అక్కడిదాకా చేరడానికి ప్రవాహమూ సరిగా ఉండదు. ఈ తిరుగుడులో రెండు గంటలు పోయాయి.

గజ్జ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి గడ్డను లాగేశారు. ఆ గొట్టం వెళ్లే దారిలోనే ఇరుకు ఉంది కదా, అందుకని ముందు మెడలో బెలూన్‌తో కాస్త వెడల్పు చేసి పైకి వెళ్లారు.

ఇక స్టెంట్ సంగతి. అది వేస్తే దాని మీద గడ్డ కట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి మందులు వెంటనే మొదలుపెట్టాలి. కానీ ఇంజెక్షన్ పడ్డాక మామూలుగా 24 గంటలు, మళ్లీ సీటీ చూసేదాకా, వాటిని ఇవ్వరు. అప్పటికే దెబ్బతిన్న మెదడులో రక్తస్రావం అవుతుందని భయం. బెలూన్ తర్వాత కూడా నాళం మూసుకుపోతూ ఉంటే మాత్రం కొందరికి అప్పటికప్పుడు స్టెంట్ వేస్తారు. ఏది మేలన్న దానిపై డాక్టర్లలోనే ఇంకా ఏకాభిప్రాయం లేదట. మా డాక్టరు గారు ఆగారు. తొమ్మిదో రోజున మెడ దగ్గర కోసి నాళంలోని పూడిక తీయించారు. స్ట్రోక్ మరీ పెద్దది కాకుండా, మనిషి నిలకడగా ఉంటే రెండు వారాల లోపు చేయించడంలోనే ఎక్కువ ఫలితమన్నారు. కాబట్టి మీ అమ్మగారి విషయంలో "తర్వాత చూద్దాం" అంటే ఊరుకోకండి, ఏ తేదీన అని అడగండి.

నాళం తెరిచాక బీపీ లెక్క తిరగబడుతుంది. ఇన్నాళ్లూ తక్కువ రక్తానికి అలవాటుపడిన భాగంలోకి ఒక్కసారిగా ప్రవాహం పెరుగుతుంది, అందుకే అప్పుడు బీపీని గట్టిగా అదుపులో పెడతారు. విపరీతమైన తలనొప్పి, ఫిట్స్ వస్తే వెంటనే చెప్పమన్నారు.

ఇంకొకటి, స్ట్రోక్‌కి పది రోజుల ముందు నాన్న ఎడమ కంటికి తెర దించినట్టయి ఐదు నిమిషాల్లో మళ్లీ మామూలైంది. కళ్లజోడు మార్చాలేమో అనుకున్నాం. అదే హెచ్చరిక అని తర్వాత తెలిసింది. మీ అమ్మగారికి కుడివైపు మెడ నాళం ఎలా ఉందో కూడా అడగండి. నాన్నకు అటు 40 శాతం ఇరుకు ఉంది, ఏడాదికోసారి డాప్లర్ (నాళంలో రక్తప్రవాహం చూసే స్కాన్) చేయిస్తున్నాం.